ఎలుక వింటోంది, మెల్లగా మాట్లాడు!

ఆదోనిలో జిన్నింగు మిల్లుల పక్క వీధులు, ఎమ్మిగనూరులో మగ్గాల ఇళ్ళు. ఈ రెండు చోట్లా ఎలుకలకు కరువు తెలియదు. పత్తి గింజలు, బుడ్డల మూటలు, గంజి పెట్టిన పడుగు ఏడాది పొడుగునా దొరుకుతూనే ఉంటాయి. ఎలుకల గురించి చెప్పుకునే మాటలకూ కరువు లేదు.

"మందు పెడుతున్నామని పైకి అనకూడదు, ఎలుక వింటుంది."

అంగట్లో మందు కొనుక్కొచ్చి, ఇంట్లో సైగలతో చెప్పుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఎలుక చెవి చురుకే గానీ మన మాట దానికి అర్థం కాదు. అయితే పెద్దవాళ్ళు కళ్ళారా చూసింది మాత్రం నిజం. మందు పెట్టిన రాత్రి అది ముట్టదు. కొత్తగా ఏది కనబడినా ఎలుకకు అనుమానం. కాస్త కొరికి చూసి, కడుపులో తేడా చేస్తే మళ్ళీ ఆ రుచి జోలికి పోదు. జింక్ ఫాస్ఫైడ్ అనే నల్లపొడితో వచ్చే తంటా ఇదే. అందుకే పొలాల్లో ముందు ఒకటి రెండు రోజులు ఉత్త నూకలకు నూనె పట్టించి పెట్టి అలవాటు చేయమంటారు. ఆ తర్వాతే 96 పాళ్ళ నూకలు, 2 పాళ్ళ నూనె, 2 పాళ్ళ మందు. ఇంట్లో బోనుకూ ఇదే కిటుకు. రెండు రాత్రులు బోను తలుపు పడకుండా కట్టేసి, లోపల వేయించిన బుడ్డలు వేయండి. మూడో రాత్రి కట్టు విప్పండి. బోను గోడవారనే ఉండాలి, ఎలుక గోడను ఒరుసుకుంటూనే నడుస్తుంది.

"ఒకదాన్ని చంపితే మిగతావి పగబట్టి బట్టలు కొరుకుతాయి."

ఎలుక ముందుపళ్ళు చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి, ఏడాదికి 12 సెంటీమీటర్ల దాకా. కొరికి అరగదీసుకోక తప్పదు. గుడ్డపేలికలు గూటికి పనికొస్తాయి, పడుగు మీది గంజి నోటికి రుచి. తెల్లారి మగ్గం గుంతలోకి దిగిన మనిషి తెగిన పోగులన్నీ వెతికి ఒక్కొక్కటే అతుక్కోవాలి. ఆ పూట కూలి పోయినట్టే. పగబట్టిందనిపించడంలో వింత లేదు. ఒకటి చచ్చినా బెడద తీరకపోవడానికి కారణం, చూలైన మూడు వారాలకే ఎలుక ఈనుతుంది, ఈతకు ఆరు నుంచి పది పిల్లలు. చంపడం కంటే దారి మూయడం ముందు. పెన్సిలు పట్టే కంత చిట్టెలుకకు చాలు, అర అంగుళం సందు పెద్ద ఎలుకకు చాలు. మిద్దె దూలాల సందులు, తూములు, తలుపు కింద ఖాళీ చూసుకుని ఇనుప జాలి కొట్టి సిమెంటు పూయండి. గుడ్డలు కుక్కితే దానికి గూడు మీరే కట్టిచ్చినట్టు.

పిల్లిని పెంచితే చాలంటారు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక చెత్త రీసైక్లింగ్ కేంద్రంలో శాస్త్రవేత్తలు 79 రోజులు కెమెరాలు పెట్టి చూస్తే పిల్లులు చంపింది రెండే ఎలుకల్ని. ఆ సంగతి 2018లో అచ్చయింది. పిల్లి తిరిగే చోట ఎలుక దాక్కుంటుంది, అంతే. ఇక మూతి సన్నగా సాగి కంపు కొట్టే చుంచును చంపకండి, అది బొద్దింకలు తింటుంది, వైర్లు కొరకదు.

కారు దగ్గరికి వస్తే, "కొత్త కార్ల వైర్లు సోయాతో చేస్తారు, అందుకే తింటాయి" అన్నది అమెరికా నుంచి వచ్చిన వాదన. అక్కడ కంపెనీల మీద కేసులు కూడా వేశారు. సోయా ఊసే లేని పాత బండ్ల వైర్లనూ ఎలుకలు కొరికాయి. వాటికి కావలసింది ఇంజిను వెచ్చదనం, చీకటి, ఎవరూ కదపని చోటు. వారాల తరబడి కవరు కప్పి పెట్టిన కారే వాటికి సత్రం. ఏసీ వేయగానే కంపు వస్తే డ్యాష్‌బోర్డు వెనక ఫిల్టరు తీయించి చూడండి. ఆదోనిలో అయితే దూది, బుడ్డ పొట్టు దొరికినా ఆశ్చర్యపోవద్దు. గాలి లోపలికి వచ్చే కంతకు స్టీలు జాలి పెట్టించాలి. ఒక ఎలుక మూత్రం వాసన పట్టుకుని ఇంకొకటి వస్తుంది గనుక బానెట్ లోపల కడిగించాలి. ఎలుక రాకుండా పెట్టే పొగాకు కాడలు వాసన ఉన్నన్నాళ్ళే. కలరా ఉండల గాలి కారులో కూర్చున్న పిల్లలకే చేటు. ఎలుకల్ని తరుముతాయని అమ్మే అల్ట్రాసౌండు పెట్టెల ప్రకటనలకు ఆధారాలు చూపమని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే అరవైకి పైగా కంపెనీలకు, అమ్మకందార్లకు హెచ్చరిక లేఖలు రాసింది. ఇన్సూరెన్సు ఉందిగా అనుకుంటే, థర్డ్ పార్టీ పాలసీలో మీ కారు వైర్లకు పైసా రాదు. ఫుల్ పాలసీలో వస్తుందో రాదో షరతులు చదవాలి. చిన్న రిపేరుకు క్లెయిము పెడితే వచ్చే ఏడాది నో క్లెయిమ్ బోనస్ పోతుంది, ఆ లెక్కా చూసుకోండి.

"ఎలుకల మందు ఎలుకలకే, మనుషులకు ఏం కాదు."

అన్నిటికంటే చెడ్డ అపోహ ఇది. మందులన్నీ ఒకటి కావు. బ్రోమాడియోలోన్ బిళ్ళలు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి, వాటికి విటమిన్ కె1 విరుగుడుగా ఉంది. ట్యూబుల్లో వచ్చే పసుపు భాస్వరం పేస్టుకు విరుగుడే లేదు. పళ్ళ పేస్టు అనుకుని నోట్లో పెట్టుకున్నవాళ్ళున్నారు. తిన్న కొన్ని గంటలు వాంతులు, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు మనిషి మామూలుగా తిరుగుతాడు. "తగ్గిపోయింది" అని ఇంటివాళ్ళు ఊపిరి పీల్చుకునే ఆ రోజుల్లోనే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో ఆ ట్యూబు ఉండకపోవడమే మేలు. ఎవరైనా మింగితే ఉప్పునీళ్ళు తాగించి కక్కించే ప్రయత్నం చేయకండి. వెంటనే 108కి ఫోను చేయండి. బాగానే ఉన్నాడు కదా అని ఆగకుండా, మందు డబ్బానో ట్యూబునో చేత పట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్ళండి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు చేతిలో దారి ఉంటుంది.