మడిచిన కాగితపు ముక్కలతో క్రిస్మస్ కార్డు



ఒకప్పుడు డిసెంబరు వచ్చిందంటే మండపేట బజారులో ఫ్యాన్సీ షాపుల ముందు తాళ్ళు కట్టి గ్రీటింగు కార్డులు వేలాడదీసేవారు. ఇప్పుడు పండుగనాటి ఉదయానికి ఫోనులోకి నలభై బొమ్మలు వచ్చిపడుతున్నాయి. ఒకరు పంపినదే ఇంకొకరు పంపుతారు. సాయంత్రానికి ఏది ఎవరు పంపారో మనకే గుర్తుండదు. అందుచేత కొన్నేళ్ళుగా మా సండే స్కూలు పిల్లలకును, స్త్రీల సమాజమువారికిని ఒక చేతిపని నేర్పుచున్నాము.

దీనిని ఐరిస్ ఫోల్డింగ్ అంటారు. హాలెండు దేశములో మొదలైన పని. ఐరిస్ అంటే కంటిలోని నల్లగుడ్డు చుట్టూ ఉండే రంగు భాగము. కెమెరా కటకం వెనుక రేకులు ఒకదానిపై ఒకటి వాలి మధ్యలో చిన్న రంధ్రము మిగులుతుంది చూడండి, దానికీ అదే పేరు. కార్డులోని కాగితపు ముక్కలు కూడా అలాగే చుట్టు తిరుగుతూ లోపలికి దిగుతాయి. అక్కడివారు తొలుత వాడినది కొన్న కాగితము కాదు, ఇంటికి వచ్చిన ఉత్తరాల కవర్ల లోపలి రంగు కాగితమే. ఈ మాట విని మా సంఘములో ఒక సహోదరి నవ్వారు: “తాపేశ్వరం పక్కన ఉన్నవాళ్ళమండి, మడతకాజా చేసే ఊరు! మాకు మడతలు పెట్టడం హాలెండువారు నేర్పాలా?” నిజమే. కొబ్బరాకు చీల్చి బూరలు, చిలకలు చేసే మన పిల్లలకు, మట్టల ఆదివారమున ఆకుతో సిలువ మడిచే మన స్త్రీలకు ఇది పరాయి విద్య కాదు.

కావలసినవి: ఒక మందపాటి డ్రాయింగు షీటు, స్కేలు, పెన్సిలు, బ్లేడు, సెల్లోటేపు, మూడు రంగుల పలుచని కాగితాలు. పాత శుభలేఖల కవర్లు, స్వీటు డబ్బాలపై చుట్టిన కాగితాలు, బహుమతులపై మెరుపు కాగితాలు చాలును. జిగురు కన్నా టేపే మేలు. మైదా జిగురు పెడితే పలుచని కాగితము ముడతలు పడుతుంది, పైగా బొద్దింకలు వదలవు.

షీటును కార్డులా మధ్యకు మడిచి, ముందు అట్టలో ఆరు సెంటీమీటర్ల భుజాలుగల త్రిభుజాన్ని కిటికీలా కోయండి. క్రిస్మస్ చెట్టుకు ఇది సరిపోతుంది. నక్షత్రముతో మొదలుపెట్టకండి, మూలలు ఎక్కువై పిల్లలు విసుగుపడతారు. బ్లేడు పని పెద్దవారే చేయాలి.

ఇక నమూనా. వేరే కాగితముపై అదే కొలత త్రిభుజము గీయండి. ఒకే దిక్కుగా తిరుగుతూ, ప్రతి మూలనుండి భుజము వెంబడి అర సెంటీమీటరు దూరములో చుక్క పెట్టి, మూడు చుక్కలు కలపండి. లోపల కొంచెము ఓరగా తిరిగిన చిన్న త్రిభుజము వస్తుంది. దానిలో మళ్ళీ అలాగే. ఇట్లు ఆరుసార్లు గీయాలి. ఆ ఓరలోనే అందమంతా ఉన్నది. భుజాలకు సమాంతరముగా గీస్తే డబ్బాలో డబ్బా పెట్టినట్టుంటుందే గాని సుడి తిరగదు.

రంగు కాగితాలను రెండు సెంటీమీటర్ల వెడల్పున ముక్కలు కోసి, రంగు బయటికి వచ్చేలా పొడవునా సగానికి మడవండి. కార్డును తెరచి, కోసిన అట్టను బోర్లా వేసి, కిటికీలోనుండి గీతలు కనబడునట్లు నమూనాను కింద పెట్టండి. మొదటి రంగు ముక్కను, మడత అంచు మధ్యవైపు ఉండేలా, మొదటి చుట్టు గీతపై ఆనించి, కొసలను అట్ట వెనుక టేపుతో అంటించాలి. రెండవ భుజానికి రెండవ రంగు, మూడవదానికి మూడవది. ఒక చుట్టు అయింది. ఆరు చుట్లకు పద్దెనిమిది ముక్కలు. చివర మిగిలిన చిన్న త్రిభుజము వెనుక బంగారు రంగు కాగితము వేసి, వెనుకంతా తెల్ల కాగితముతో కప్పి, తిప్పి చూడండి. పనిచేసినంతసేపు టేపుముక్కల గందరగోళమే కనబడుతుంది. తిప్పేవరకు పిల్లలు నమ్మరు.

అచ్చు కార్డు పుట్టుక కూడ చెప్పుకోవాలి. 1843లో లండనులో హెన్రీ కోల్ అను పెద్దమనిషికి పండుగ ఉత్తరాలన్నిటికీ జవాబులు వ్రాసే తీరిక లేకపోయింది. హార్స్‌లీ అను చిత్రకారునిచేత బొమ్మ గీయించి వెయ్యి కార్డులు అచ్చువేయించాడు, ఒక్కొక్కటి ఒక షిల్లింగు. బొమ్మలో పిల్లతో సహా కుటుంబమంతా ద్రాక్షారసము తాగుచుండుటచేత మద్యపాన నిషేధమువారు మండిపడ్డారు. మాకు ఆ బొమ్మకన్నా, తీరిక లేకపోవడమే అసలు సంగతిగా తోచుచున్నది. ఫోనులోని ఫార్వర్డు ఆయన కార్డుకు మనుమరాలు.

పౌలుకు కూడ వ్రాసిపెట్టేవారు ఉండేవారు. రోమా పత్రికను వ్రాసిన చేయి తెర్తియుది (రోమా 16:22). అయినను చివరి వందనమును పౌలు స్వహస్తముతో వ్రాసి, అదే తన గురుతని థెస్సలొనీకయులకు తెలియజేశాడు (2 థెస్స. 3:17).

మన ప్రాంతమునుండి ఎందరో తల్లులు కువైటుకు, మస్కట్టుకు, దోహాకు ఇంటిపనికి వెళ్ళారు. పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. సెలవు దొరికిన రోజున ఫోనులో ముఖము చూచుకొంటారు, సిగ్నలు పోతే అదీ లేదు. మా సండే స్కూలులో పదేళ్ళ పాప అటువంటిదే. తన కార్డును తల్లికి చేసింది. లోపల ఏమి వ్రాయాలో తెలియక రెండు ఆదివారాలు ఖాళీగా ఉంచింది. ఫోనులో గలగల మాట్లాడే పిల్లే! చివరికి పాప వ్రాసినది తన పరీక్ష మార్కులు, ఇంట్లో ఈనిన గేదె సంగతి, జడ ఇప్పుడు నడుమువరకు వచ్చిందని. సలహా ఇవ్వకుండుటే మంచిదని మేము ఊరుకొన్నాము.

అమ్మమ్మకు చదువు రాదు. “అయ్యగారండి, నా పేరు మీరు రాసెయ్యండి” అన్నది. వ్రాయుటకు కలము తీశాము గాని ఆమె మళ్ళీ ఆగి, “నేనూ ఒక మడత పెడతానండి” అన్నది. తన పాత చీర పెట్టెలోని ఎర్ర కాగితము చింపి తెచ్చి, మూడవ చుట్టులో ఒక ముక్క తానే అంటించింది. అది కొంచెము వంకరగా పడింది. పాప సరిచేయబోతే చేయి పట్టుకొని ఆపింది.

పోస్టులో నలుగుతుందేమోనని ఆ కార్డును తాపేశ్వరం కాజా డబ్బా అట్టలు రెంటి మధ్య పెట్టి, సెలవు ముగించుకొని తిరిగి కువైటు వెళ్ళుచున్న ఒక సహోదరి చేత, ఆవకాయ సీసాకు దూరముగా సర్దించి పంపించాము. తరువాత ఫోనులో తల్లి కార్డును తెరమీద పెట్టి, వేలుతో ఆ వంకర ముక్కను చూపి, “ఇది అమ్మదే కదా” అని అడిగిందట.