పాత పికప్‌ను బాగు చేయిస్తున్నారా? బందరు, గుడివాడ, దివిసీమ ఓనర్లు ఇంజిన్ కంటే ముందు చూడాల్సింది ఇదే..

పాత పికప్ బండి బేరానికి వచ్చిందంటే చాలామంది ముందుగా బానెట్ ఎత్తుతారు. స్టార్ట్ చేసి, పొగ చూసి, సౌండ్ విని రేటు మాట్లాడతారు. కానీ కృష్ణా డెల్టా దిగువన తిరిగిన బండికి అసలు జబ్బు బానెట్ కింద కాదు.. బాడీ కింద ఉంటుంది. ఇంజిన్‌కు డబ్బంతా పోసేశాక ఛాసిస్ పోయిందని తెలిస్తే ఆ ఖర్చు గంగపాలే. అందుకే రిపేర్ ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ మార్పులకు చట్టం ఒప్పుకుంటుంది అన్నది ముందే తెలుసుకోవాలి.

పాత బండ్లకు ఎందుకంత గిరాకీ?

టాటా 1988లో తెచ్చిన 206 పికప్, ఆ తర్వాత వచ్చిన 207, మహీంద్రా పికప్‌లు.. ఇవన్నీ నాలుగు సిలిండర్ల డీజిల్ బండ్లు. 2005లో వచ్చిన టాటా ఏస్‌కు మొదట ఉన్నది రెండు సిలిండర్లే. బరువు లాగడంలో తేడా అక్కడే. పైగా పాత మోడళ్లలో చాలావాటికి మెకానికల్ డీజిల్ పంపే ఉంటుంది. 2020 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6 బండ్లలో మాదిరిగా సెన్సర్లు, స్కానర్ల గొడవ ఉండదు. ఊళ్లో మెకానిక్ విప్పి బిగించగలడు. స్పేర్ పార్టులకు విజయవాడ ఆటోనగర్ దగ్గర్లోనే ఉంది.

ఉప్పు చేసే పని ఇదీ..

ఇనుము, నీరు, గాలి కలిస్తే తుప్పు పడుతుంది. నీటిలో ఉప్పు కలిస్తే అది కరెంటును బాగా ప్రవహింపజేస్తుంది కాబట్టి తుప్పు ఇంకా వేగంగా తినేస్తుంది. బందరు, నాగాయలంక, కోడూరు వైపు సముద్రపు గాలి ఎలాగూ ఉంటుంది. దానికి తోడు గిలకలదిండి హార్బర్ నుంచి, గుడివాడ, నందివాడ చెరువుల నుంచి చేపల లోడు ఎత్తితే ఐసు కరిగిన నీళ్లు బాడీ సందుల్లోంచి ఛాసిస్ మీదికే కారతాయి. ఆ తడి లోపల నిలిచిపోతుంది.

అందుకే ముందు బండిని ర్యాంపు ఎక్కించి కింద కడిగించాలి. చిన్న సుత్తితో ఛాసిస్ పొడవునా తట్టుకుంటూ వెళ్లాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నచోట శబ్దం మొద్దుగా వస్తుంది. కమాన్ కట్టలు ఛాసిస్‌కు పట్టే బ్రాకెట్లు, అడ్డ పట్టీలు, క్యాబిన్ బోల్టులు, బ్రేక్ పైపులు.. ఇవి తప్పనిసరిగా చూడాలి. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగిపోతోందంటే ఆ బండి మీద ఇక ఖర్చు పెట్టాలా వద్దా అన్నది మళ్లీ ఆలోచించుకోవాల్సిందే.

తుప్పు పైపైనే ఉంటే దాన్ని పూర్తిగా గీకించి లేదా శాండ్ బ్లాస్టింగ్ చేయించి, ప్రైమర్ కొట్టించి, ఆపైన అండర్ కోటింగ్ వేయించాలి. తుప్పు మీదే పుట్టీ, పెయింట్ వేస్తే మెరుపు పైన ఉంటుంది.. తినేది లోపల తింటూనే ఉంటుంది. ఛాసిస్‌లో నీళ్లు దిగిపోయే రంధ్రాలను మూయకూడదు. ఛాసిస్ నంబర్ ఉన్నచోట గ్రైండింగ్, వెల్డింగ్ అసలే చేయించకూడదు.

ఆ తర్వాతే ఇంజిన్

నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ టెస్ట్ చేయిస్తే లెక్క తేలిపోతుంది. నాలుగూ దాదాపు ఒకేలా ఉండాలి. ఒక్కటే బాగా తగ్గితే వాల్వ్, హెడ్ గ్యాస్కెట్ లేదా రింగుల తేడా అయ్యుండొచ్చు. నల్ల పొగ వస్తే డీజిల్ ఎక్కువగానో, గాలి తక్కువగానో వెళ్తోందని అర్థం. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగకు బోర్ పని చేయించేస్తే డబ్బు దండగ.. ముందు ఎయిర్ ఫిల్టర్, నాజిళ్లు, పంప్ చెక్ చేయించాలి.

ఇక్కడ ఇంకో విషయం. దివిసీమలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. వాటినే రేడియేటర్‌లో పోస్తే లోపల పొర కట్టి, దారులు మూసుకుపోయి ఇంజిన్ వేడెక్కుతుంది. కొత్తగా కట్టించిన ఇంజిన్ కూడా అలా పాడవుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయడమే మంచిది.

ఏ మార్పులు చేయొచ్చు.. ఏవి కుదరవు?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం.. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకు, ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కేరళకు చెందిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే స్పష్టం చేసింది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

అరిగిన పార్టు స్థానంలో అదే రకం పార్టు వేయడం రిపేర్ కిందికే వస్తుంది. ఛాసిస్ పొడవు పెంచడం, వేరే రకం ఇంజిన్ ఎక్కించడం అలా కాదు. ఇంజిన్ మార్చాల్సి వస్తే ముందుగా రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి, కొత్త నంబర్ ఆర్సీలోకి ఎక్కించుకోవాలి. లేదంటే ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర కూడా చిక్కులు తప్పవు.

కమాన్ కట్టలో అదనపు పట్టీలు వేయించి లోడు పెంచుకోవడం చాలామందికి అలవాటు. పట్టీ పెరిగితే బ్రేకుల బలం పెరగదు.. ఆర్సీలో ఉన్న బరువూ మారదు. పైగా ఆ భారమంతా తుప్పు పట్టిన బ్రాకెట్ల మీదే పడుతుంది. ఓవర్‌లోడ్‌కు కేంద్ర చట్టంలో జరిమానా 20 వేలు, ఆపైన అదనపు టన్నుకు 2 వేల చొప్పున ఉంది.

ఎఫ్‌సీ లెక్క మర్చిపోవద్దు

సరకు రవాణా బండికి ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఎఫ్‌సీ చేయించాల్సిందే. 15 ఏళ్లు దాటిన బండ్లకు 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు బాగా పెరిగింది. కాబట్టి రిపేర్ ఖర్చుతో పాటు ఏటా వచ్చే ఈ ఖర్చునూ కలిపి చూసుకోవాలి.

ముందు ఛాసిస్, తర్వాత బ్రేకులు, స్టీరింగ్, ఆపైన ఇంజిన్, చివరికి పెయింట్.. వరుస ఇదే. ఇక రోడ్డెక్కాక చేపల లోడు దింపిన ప్రతిసారీ బండి కింద మంచి నీళ్లతో కడిగిస్తే చాలు, చేయించిన పని నాలుగు కాలాలు నిలుస్తుంది.