తొలి అప్పు: యువ రైతు ముందుగా వేసుకొనవలసిన లెక్క

విత్తనము వేయుటకు ముందు నేలలో పదును చూచుట ప్రతి రైతుకు తెలిసిన సంగతియే. పదును చాలనిచో మొలక రాదు, గింజయు దక్కదు. అప్పు చేయుటకు గూడ అటువంటి పరీక్ష అవసరము. కాని ఇరువది, ఇరువదియైదేండ్ల వయస్సులో సేద్యము చేపట్టిన యువకులు అనేకులు విత్తనమును పరీక్షించినంత శ్రద్ధగా అప్పును పరీక్షించుట లేదు. పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలోని చల్క నేలలలో సేద్యము చేయు యువ రైతు సోదర సోదరీమణుల కొరకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఈ ప్రాంతమున అప్పు కొత్తది కాదు. మేస్త్రీ వద్ద ముందుగా అడ్వాన్సు తీసికొని, ఆ బాకీ తీరువరకు దూరదేశములలో ఆనకట్టలు, కాలువలు త్రవ్విన పాలమూరు కూలీల కథ మీ ఇండ్లలోని పెద్దలే చెప్పగలరు. వెట్టిచాకిరి నిర్మూలన చట్టము 1976లో వచ్చినది. అయినను లెక్క తెలియని అప్పు మనిషిని కట్టివేయుట నేటికిని కలదు.

వడ్డీని ఏడాదికి లెక్కించుడు

గ్రామములో వడ్డీని “నూటికి రెండు రూపాయలు” అని చెప్పుదురు. వినుటకు స్వల్పముగా తోచును. కాని అది నెలకు రెండు రూపాయలు. అనగా సాలుకు 24 శాతము. మూడు రూపాయలైనచో 36 శాతము.

50,000 రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో ఏడాదికి వడ్డీ 12,000 రూపాయలు. 2025 జనవరిలో ప్రారంభమైన రైతు భరోసా పథకములో ఎకరాకు ఏడాదికి నిర్ణయించిన సాయము గూడ 12,000 రూపాయలే. అనగా ఒక ఎకరాపై వచ్చు సాయము యావత్తు వడ్డీకే సరి. అసలు అట్లే నిలిచియుండును. ఆ వడ్డీని గూడ చెల్లింపక, ఏటేట అసలులో కలిపి నోటు తిరగవ్రాసినచో, మూడేండ్లలో బాకీ 95,000 రూపాయలు దాటును.

అదే 50,000 రూపాయలు కిసాన్ క్రెడిట్ కార్డుపై బ్యాంకులో తీసికొనినచో, వడ్డీ 7 శాతము. గడువులోగా చెల్లించినవారికి 3 శాతము తగ్గింపు లభించును. అప్పుడు ఏడాది వడ్డీ 2,000 రూపాయలు మాత్రమే. ఈ సౌకర్యము 3 లక్షల రూపాయల లోపు పంట ఋణములకు వర్తించును. 2025 జనవరి 1 నుండి 2 లక్షల రూపాయల వరకు తాకట్టు లేకుండ ఋణము పొందవచ్చును. గడువు తేది తప్పినచో 3 శాతము తగ్గింపు పోవును. కావున ఆ తేదిని ఇంటి గోడపై వ్రాసి ఉంచుకొనుడు.

మాఫీ వచ్చునని చెల్లింపు ఆపుట క్షేమము కాదు. 2024లో రాష్ట్రమున 2 లక్షల రూపాయల వరకు పంట ఋణములు మాఫీ అయినవి. కాని నోటు వ్రాసి తెచ్చిన వడ్డీ వ్యాపారి బాకీ అందులో చేరలేదు. దుకాణములో ఎరువులు, మందులు ఉద్దెరకు తెచ్చి, పంటను ఆ వ్యాపారికే తూచువారు గూడ గమనింపవలెను. ధరలో తగ్గినదంతయు వడ్డీయే.

కిస్తీ నెలకు, పంట కాలమునకు

ఒక రైతు వేదికలో ఒక యువకుడు నన్ను ఇట్లడిగినాడు: “సార్, బండి లేకుంటె మార్కెటుకు ఎట్ల పోవాలె?” ప్రశ్న న్యాయమైనదే. బండి కొనుట తప్పు కాదు. అయితే బండి కిస్తీ నెలనెలా వచ్చును. పత్తి, కంది డబ్బు ఏడాదికొకసారి వచ్చును. నడుమనున్న నెలలలో కిస్తీ దేనితో కట్టుదురు? పాల బిల్లు వంటి రాబడి ఉన్నవారు దానితో కట్టుకొనవచ్చును. అట్టిది లేనివారు పంట అమ్మిన పిదప రొక్కమునకు పాత బండి కొనుట మేలు. సెల్‌ఫోనుకు, పెండ్లి ఖర్చునకు గూడ ఇదే లెక్క. ఫోనులోని యాప్‌ల ద్వారా నిమిషములలో అప్పు ఇచ్చువారి విషయమున మరింత జాగ్రత్త అవసరము. అప్పు ఇచ్చు సంస్థ పేరు, రిజర్వు బ్యాంకు అనుమతి తెలియక ఒప్పుకొనరాదు.

బోరుకు ముందు

మన ప్రాంతమున నేల క్రింద గట్టి గ్రానైటు రాయి కలదు. నీరు రాతి పగుళ్లలో మాత్రమే ఉండును. పొరుగువాని బోరులో నీరున్నదని మన చేనిలో ఉండవలెనని లేదు. లోతు పెంచిన కొలది నీరు వచ్చునని చెప్పుటకును వీలులేదు. మొదటి బోరు ఎండినదని రెండవదానికి, అది ఎండినదని మూడవదానికి అప్పు తెచ్చి భూమి అమ్ముకొనిన కుటుంబములు కలవు. కావున వాల్టా చట్టము ప్రకారము అనుమతి పొంది, నీటి జాడను శాస్త్రీయముగా పరీక్ష చేయించి, పిమ్మటనే డబ్బు తీయవలెను. ఆ పరీక్షలో నీటి ఆశ లేదని తేలినచో, ఆరుతడి, మెట్ట పంటలతో గడుపుటయే లాభము.

ఇంటి పుస్తకము

ఒక నోటు పుస్తకములో నాలుగు గడులు గీయుడు: రాబడి, పంట ఖర్చు, ఇంటి ఖర్చు, బాకీ. ప్రతి రాత్రి అయిదు నిమిషములు చాలును. పంట అమ్మిన నాడే వచ్చే కారుకు కావలసిన విత్తనము, ఎరువుల డబ్బును వేరు ఖాతాలో వేయుడు. ఇది గాదెలో విత్తనపు గింజలను వేరుగా ఉంచుట వంటిది. ఎంత ఆకలియైనను విత్తనపు గింజలను దంచుకొని తినము గదా!

చిన్న వయస్సులో గల లాభము

వయస్సు తక్కువగా నున్నప్పుడు చిన్న మొత్తమే చాలును. 2019లో ఆరంభమైన ప్రధానమంత్రి కిసాన్ మాన్‌ధన్ యోజనలో 18 నుండి 40 ఏండ్ల సన్నకారు, చిన్నకారు రైతులు చేరవచ్చును. 18వ ఏట చేరినచో నెలకు 55 రూపాయలు, 40వ ఏట చేరినచో 200 రూపాయలు కట్టవలెను. 60 ఏండ్లు నిండిన పిదప నెలకు 3,000 రూపాయల పింఛను వచ్చును.

జీవన్ జ్యోతి బీమాకు 436 రూపాయలు, సురక్షా బీమాకు 20 రూపాయలు ఏడాదికి చెల్లించవలెను. ఈ బీమాలు జూన్ 1న ఆరంభమగును గాన, ఒప్పుదల పత్రమిచ్చినవారు మే నెలాఖరునకు ఖాతాలో 456 రూపాయలు నిలువ ఉంచుకొనవలెను.

సోదరులారా! అప్పు చేయనివాడే రైతు అని నేను చెప్పను. పెట్టుబడి లేక సేద్యము సాగదు. ఈ అప్పు తన్ను తాను తీర్చుకొను రాబడిని తెచ్చునా? ఆ రాబడి ఏ నెలలో వచ్చును? పంట పోయినచో దేనితో కట్టుదును? ఈ మూడు ప్రశ్నలకు జవాబు పుస్తకములో వ్రాసిన పిమ్మటనే నోటుపై సంతకము పెట్టుడు. జవాబు దొరకనిచో ఆ రోజునకు ఇంటికి తిరిగి వచ్చుటయే మంచిది. తొలి అప్పు అదుపులో నున్నచో భూమి మీ చేతిలో నుండును.