రెండు హైదరాబాదులు, ఒక ప్లాస్మిడ్

హైదరాబాదు అనగానే తెలుగువారి మనస్సులో మెదిలేది మూసీ తీరపు నగరం. పాకిస్తాన్‌లోని సింధు రాష్ట్రంలో అదే పేరుగల మరొక నగరం ఉన్నది. 2016 నవంబరులో అక్కడి పిల్లలలో టైఫాయిడ్ జ్వరం ప్రబలింది. ఆ ప్రాంతానికి టైఫాయిడ్ కొత్త కాదు. క్లోరాంఫెనికాల్, ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ అనే పాత మందులకు అది లొంగకపోవడమూ కొత్త కాదు. ఈసారి సిప్రోఫ్లాక్సాసిన్, సెఫ్‌ట్రియాక్సోన్ కూడా విఫలమయ్యాయి. నోటి ద్వారా ఇవ్వదగిన మందులలో ఆధారపడదగినది అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. 2018 డిసెంబరు నాటికి సింధు రాష్ట్రంలో ఇటువంటి కేసులు 5,274 నమోదయ్యాయి.

ఆ బాక్టీరియా జన్యుపదార్థాన్ని ఆసాంతం చదివిన శాస్త్రజ్ఞులకు కారణం 2018లో తేటతెల్లమయింది. మూడు పాత మందులను ఎదిరించే జన్యువులు దాని క్రోమోజోములోనే ఉన్నాయి. కొత్త బలం మాత్రం స్వార్జితం కాదు. పొరుగున ఉండే ఇ. కొలై వంటి పేగు బాక్టీరియాల నుంచి అరువు తెచ్చుకున్న ఒక ప్లాస్మిడ్ వల్ల అది వచ్చింది.

బాక్టీరియా కణంలో ప్రధాన క్రోమోజోముకు వేరుగా, సాధారణంగా ఉంగరం ఆకారంలో ఉండి, తన ప్రతిరూపాలను తానే తయారుచేయించుకొనే చిన్న డి.ఎన్.ఎ. ముక్కను ప్లాస్మిడ్ అంటారు. ఈ పేరు పెట్టినవాడు జాషువా లెడర్‌బర్గ్, 1952లో. టైఫాయిడ్ బాక్టీరియా క్రోమోజోములో సుమారు 48 లక్షల జన్యు అక్షరాలుంటే, ప్లాస్మిడ్‌లలో కొన్ని వేల నుంచి కొన్ని లక్షల వరకు ఉంటాయి. ఇల్లు గడవడానికి కావలసిన సరంజామా అంతా క్రోమోజోములో ఉంటుంది. ప్లాస్మిడ్ ఆపత్కాలానికి దాచుకొన్న పెట్టె వంటిది.

ఈ పెట్టె చేతులు మారే ప్రధాన మార్గం సంయుగ్మం. దాతకణం నూలుపోగు వంటి పైలస్‌ను చాచి పొరుగు కణాన్ని దగ్గరకు లాక్కుంటుంది. ప్లాస్మిడ్‌లోని రెండు పోగులలో ఒకటి తెగి, ఆ కణంలోకి జారుతుంది. లోటుపడిన పోగు రెండు చోట్లా తిరిగి తయారవుతుంది. విద్యాదానంలో వలెనే ఇచ్చినవాడికి తరుగు లేదు. పుచ్చుకున్నవాడు కొద్దిసేపటిలో తానే దాత కాగలడు. స్వజాతి, పరజాతి అన్న పట్టింపు కూడా అంతగా లేదు.

ఈ సంగతి మొదట బోధపడింది జపానులో. 1950ల దశకంలో అక్కడ జిగట విరేచనాలు కలిగించే షిగెల్లా ఒక్కసారిగా నాలుగు మందులను ఎదిరించసాగింది. వాటిలో ఒకటి టెట్రాసైక్లిన్. (ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్, యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ సంస్థ నుంచి 1948లో వెలువడింది.) నాలుగు వేర్వేరు మార్పులు ఒకే కణంలో ఒకేసారి కలగడం దాదాపు అసంభవం. నిరోధక శక్తిగల ఇ. కొలైను మామూలు షిగెల్లాతో కలిపి పెంచితే ఆ నాలుగూ మూటగా బదిలీ కావడాన్ని జపాను శాస్త్రజ్ఞులు 1959 ప్రాంతంలో నిరూపించారు.

సింధు ప్లాస్మిడ్ చేసే పని రసాయనశాస్త్ర దృష్ట్యా ముచ్చటైనది, రోగి దృష్ట్యా దారుణమైనది. సెఫ్‌ట్రియాక్సోన్ బలమంతా బీటా లాక్టమ్ అనే నాలుగు పరమాణువుల వలయంలో ఉన్నది. లాగిపట్టిన విల్లులా అది బిగువుగా ఉంటుంది. ప్లాస్మిడ్‌లోని ఒక జన్యువు తయారుచేయించే ఎంజైము ఒక నీటి అణువును చేర్చి ఆ వలయాన్ని తెంచివేస్తుంది. మరొక జన్యువు ఇచ్చే ప్రోటీను, సిప్రోఫ్లాక్సాసిన్ దాడి చేసే ఎంజైముకు కాపు కాస్తుంది.

అక్కరలేని పెట్టెను మోయడం కణానికి బరువే. మందుల తాకిడి ఉన్నచోట మాత్రం పెట్టె ఉన్నదే బ్రతుకుతుంది. ఇక్కడ మన హైదరాబాదును తలచుకోక తప్పదు. పటాన్‌చెరు సమీపంలో ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధిచేసి వదలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. ఆ నీరు కలిసిన వాగు అడుగు బురదలో నిరోధక జన్యువులూ, వాటిని మోసే ప్లాస్మిడ్‌లూ మెండుగా ఉన్నట్లు 2011లో తేలింది. సింధు ప్లాస్మిడ్ ఇక్కడ పుట్టిందని కాదు. అటువంటివి పెరగడానికి అనువైన మడి ఇటువంటిది.

చిత్రమేమిటంటే, సింధు పిల్లలకు రక్షణ కూడా ఈ నగరం నుంచే వెళ్ళింది. భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకాను 2018లో సింధు హైదరాబాదు పిల్లలకు వేశారు. బాక్టీరియా పైపూతగా ఉండే వి.ఐ. అనే చక్కెర గొలుసును ధనుర్వాత టాక్సాయిడ్‌కు జతచేసిన టీకా ఇది. పూత తయారీ జన్యువులు క్రోమోజోములో ఉంటాయి; ప్లాస్మిడ్ ఏ మందును ఎదిరించినా టీకాకు అడ్డు రాదు. మందులకు లొంగని ఆ టైఫాయిడ్ నుంచి టీకా 97 శాతం రక్షణ ఇచ్చినట్లు 2021లో వెల్లడైంది. 2019 నవంబరులోనే పాకిస్తాన్ దానిని పిల్లలకు వేసే సాధారణ టీకాలలో చేర్చింది. ఆ పని చేసిన మొదటి దేశం అదే.

పేగులలోని ఇ. కొలైకి ఆ పూత లేదు. కనుక అక్కడి ప్లాస్మిడ్ జోలికి టీకా పోదు.