బిడ్డ పక్షమున బడికి వెళ్లుట

మా అబ్బాయి రెండవ తరగతిలో నున్నపుడు శ్రుతలేఖనమునందు వానికి వరుసగా సున్నలు వచ్చుచుండెను. నల్లబల్లమీది మాటలను చూచి వ్రాయుమన్న తప్పు లేకుండ వ్రాయును. పుస్తకము తెరచి చదువుమన్న చదువును. ఉపాధ్యాయిని పలుకగా విని వ్రాయవలసివచ్చినపుడు మాత్రము ‘పాలు’ అన్నచోట ‘బాలు’ అనియు, ‘మామ’ అన్నచోట ‘పాప’ అనియు వ్రాసెడివాడు. అశ్రద్ధ యని మేము గద్దించితిమి. ఒకటి రెండుమారులు చేయి కూడ చేసికొంటిమి. ఆ సంగతి దాచి ప్రయోజనమేమి? రెండు చెవులును వానికి సరిగా వినబడుట లేదని తెలిసినది మరి ఆరు మాసములకు.

పెదవుల కదలికను బట్టి మాటను పోల్చుకొనువారికి ప, బ, మ అను మూడక్షరములును ఒక్కటే. మూడింటికిని పెదవులు ఒకే తీరున మూతపడును. భేదమంతయు గొంతులోను ముక్కులోను ఉండును గాని కంటికి కనబడదు. శ్రోతలు అద్దము ముందు నిలిచి, స్వరము లేకుండ ‘పాప’ అనియు ‘మామ’ అనియు పలికి చూచినచో ఈ సంగతి వెంటనే బోధపడును. ఎవరును నేర్పకయే మావాడు అంతకాలమును పెదవులు చూచి పాఠము గ్రహించుచుండెను. మేము అశ్రద్ధ యనుకొన్నది వాని అమితమైన శ్రద్ధ.

వైద్యుని కాగితము చేతికి వచ్చిన మరునాడే బడికి వెళ్లితిమి. ప్రధానోపాధ్యాయులవారు మర్యాదగా కూర్చుండబెట్టి మేము చెప్పినదంతయు వినిరి. చివరకు మేము చేతులు జోడించి, “ఏదో మావాణ్ణి కాస్త కనిపెట్టి ఉండండి సార్” అంటిమి. “అలాగేనండి, తప్పకుండా” అని వారు అనిరి. వారి మాటలో కపటము లేదు. కాని కనిపెట్టి యుండుట యనగా ఏమి? ఎవరు, ఏ గంటలో, ఏ పని చేయవలెను? మేము చెప్పలేదు, వారడుగలేదు. కాబట్టి ఏమియు జరుగలేదు. మూడు మాసములు గడచిన పిదప వారే మమ్ము పిలిపించి, “ఇలాంటి పిల్లలకు వేరే బళ్లు ఉన్నాయి కదండీ, అక్కడైతే వాడికీ సుఖం. టి.సి. ఇచ్చేస్తాను” అని మెల్లగా చెప్పిరి. మాకు నోట మాట రాలేదు. ఇంటికి తిరిగి వచ్చుచు దారిలో మాలో మేమును మాటలాడుకొనలేదు.

ప్రత్యేకావసరములు గల పిల్లల తల్లిదండ్రులు సాధారణముగా రెండు విధముల బడిమెట్లు ఎక్కుదురు. కొందరు దీనముగా వెళ్లుదురు. కొందరు కోపముగా వెళ్లుదురు. మేము మొదటి తెగవారము. మాకు తెలిసిన మరియొక కుటుంబమువారు రెండవ తెగవారు. వారి పాపకు బుద్ధిమాంద్యము కలదు. దీనులను చూచి బడివారు జాలిపడుదురు, కోపిష్ఠులను చూచి తప్పించుకొందురు. రెండు చోట్లను బిడ్డ కూర్చున్న బెంచీ మాత్రము అక్కడనే ఉండును.

రెండవమారు వెళ్లుటకు ముందు మేము అనుమతి పొంది ఒక దినమెల్ల తరగతి వెనుక కూర్చుండి చూచితిమి. ఆ ఒక్క దినము మాకు వైద్యుల కాగితములకంటె ఎక్కువ నేర్పినది. ఉపాధ్యాయిని నల్లబల్లమీద వ్రాయుచు, బల్లవైపునకే తిరిగి పాఠము చెప్పుచుండెను. ఆమె నిలుచు చోటికి వెనుక కిటికీ కలదు; వెలుతురు వెనుకనుండి వచ్చుటచే ముఖము చీకటిపడి పెదవులు కానరావు. మావాని బెంచీకి సరిగా పైన ఫ్యాను కలదు. వినికిడి యంత్రము పెట్టినచో అన్నియు మనవలె వినబడునని పలువురు తలంతురు. అది మాటతోపాటు ఫ్యాను రొదను, బెంచీలు జరుపు చప్పుడును, ప్రక్కగదిలోని ఎక్కాలను కూడ పెంచి చెవిలో పోయును. వాడు మధ్యాహ్నము కాకముందే యంత్రము తీసి జేబులో వేసికొనుచుండుటకు కారణము అదియే. దానికిగాను కూడ మేము వానిని తిట్టియుంటిమి.

ఆ రాత్రి ఒక కాగితముమీద అయిదు వాక్యములు వ్రాసితిమి. పిల్లవానిని ఫ్యానుకు దూరముగ, ఉపాధ్యాయిని ముఖము కనబడుచోట కూర్చుండబెట్టవలెను. చెప్పవలసినది తరగతివైపు తిరిగి చెప్పి, తరువాత బల్లమీద వ్రాయవలెను. కిటికీ వెనుక నుండునట్లు నిలువరాదు. శ్రుతలేఖనములో విడిమాట కాక వాక్యము చెప్పవలెను. ‘పాలు’ అన్న వాడు తికమకపడును గాని ‘ఆవు పాలు ఇచ్చును’ అన్నచో పోల్చుకొనును. ఇంటిపని నోటితో చెప్పి విడువక బల్లమీద వ్రాయవలెను. ఈ అయిదింటిలో ఒక్కదానికిని కాని ఖర్చు లేదు.

అయిదును వ్రాసి ముగించిన పిదపగాని వానిని అడుగవలెనని మాకు తోచలేదు. మేము మొదటి వరుస నడిమి బెంచీ అని వ్రాసియుంటిమి. వాడు వెంటనే వద్దనెను. అక్కడ కూర్చున్నచో మాస్టారు కనబడుదురు గాని వెనుక పిల్లలేమి అడిగిరో, ఎందుకు నవ్విరో తెలియదు. ప్రతిమారు తల త్రిప్పవలెను. త్రిప్పినపుడెల్ల అందరును నవ్వుదురు. రెండవ వరుసలో గోడప్రక్క బెంచీ కావలెనని వాడే చెప్పెను. అక్కడినుండి ఉపాధ్యాయిని ముఖమును, తరగతిలో సగమువంతు ముఖములును కనబడును. ఎనిమిదేండ్ల బాలుడు మాకంటె చక్కగా లెక్కవేసెను. కాగితము మరల వ్రాసితిమి.

ఈసారి ప్రధానోపాధ్యాయులవారు దానిని రెండుమారులు చదివి, “ఇంతేనా?” అనిరి. మరునాడే బెంచీ మారినది. కిటికీ సంగతి మాత్రము నాలుగు వారములు పట్టినది. నల్లబల్ల గోడకు బిగించియుండుటచేత కిటికీకి ఒక తెర కట్టించిరి. టి.సి. మాట మరల రాలేదు.

అందరికిని ఇంత సులభముగా జరుగునని మేము చెప్పము. కాబట్టి చట్టమున నేమున్నదో కొంత తెలిసియుండుట అవసరము. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టములో 21 విధముల వైకల్యములు చేర్చబడినవి. అంతకుముందున్న 1995 నాటి చట్టములో ఏడే యుండెను. చదువుటలోను వ్రాయుటలోను కలుగు ప్రత్యేకమైన అభ్యసన లోపములు, ఆటిజము మున్నగునవి ఈ చట్టముతోనే లెక్కకు వచ్చినవి. ప్రభుత్వ నిధులు పొందు పాఠశాలలేగాక, ప్రభుత్వ గుర్తింపు గల పాఠశాలలన్నియు భేదము చూపక ఇట్టి పిల్లలను చేర్చుకొనవలెననియు, ఒక్కొక్క బిడ్డ అవసరమును బట్టి తగిన సదుపాయము చేయవలెననియు అందు 16వ సెక్షను చెప్పుచున్నది. ప్రైవేటు బడులకు ఇది వర్తింపదని ఎవరైన అన్నచో అది సరికాదు. నూటికి 40 పాళ్లకు తగ్గని వైకల్యము నిర్ధారితమైన పిల్లలకు 6 ఏండ్లు మొదలు 18 ఏండ్ల వరకు ఉచితవిద్య హక్కు. సమీపమందలి బడియో, ప్రత్యేక పాఠశాలయో తమ ఇష్టము. ఇక్కడ ఇష్టము అనునది బిడ్డ పక్షమువారిది గాని బడివారిది కాదు.

పైన చెప్పిన కుటుంబమువారి చిక్కు ఇచ్చటనే వచ్చినది. వారి పాపను ఇంటివద్దనే ఉంచి చదివింపుడని, చట్టము కూడ అట్లే చెప్పుచున్నదని బడివారు అనిరి. ఇందులో సగమే నిజము. 2009 నాటి విద్యాహక్కు చట్టమును 2012లో సవరించినపుడు, తీవ్రమైన వైకల్యము గలవారికిని, ఒకటికంటె ఎక్కువ వైకల్యములు గలవారికిని ఇంటివద్ద విద్య పొందు అవకాశము కల్పింపబడినది. మంచమునుండి లేవలేని బిడ్డకు కూడ చదువు అందవలెనని చేసిన ఏర్పాటది. నడచి బడికి రాగల పాపను ఇంటికి పంపుటకు చేసినది కాదు. ఆ తల్లి ఈ భేదము తెలిసికొని వెళ్లిన దినమున కోపపడవలసిన అవసరమే ఆమెకు కలుగలేదట. ఆ చట్టమే, చేర్చుకొనుటకు ముందు బిడ్డనుగాని తల్లిదండ్రులనుగాని పరీక్షించి వడబోయుట నిషేధించినది. అట్లు చేసిన బడికి మొదటి తప్పునకు 25,000 రూపాయలవరకు, ఆ పిమ్మట ప్రతి తప్పునకు 50,000 రూపాయలవరకు జుర్మానా కలదు.

ధ్రువపత్రము విషయమున ఒక మాట. తెలుగునాట దీనిని సదరం పత్రమని పిలుతురు. మా బంధువులలో ఒకరు, “ఆ కాగితం తీసుకుంటే పిల్లవాడికి ముద్ర పడిపోతుంది” అని మమ్ము చాలకాలము ఆపిరి. ముద్ర కాగితమువలన పడదు. తరగతిలో సున్నలు వచ్చినపుడే పడియుండెను. అయితే ఆ పత్రము లేనంతమాత్రమున బెంచీ మార్చరాదని ఎక్కడను లేదు. కాగితము వచ్చువరకు అయిదు వాక్యములును ఆపుకొని కూర్చుండుట మేము చేసిన మరియొక తప్పు.

పరీక్షల సంగతి వేరు. అక్కడ కాగితము ముందుగ ఉండితీరవలెను. అదనపు సమయము, వ్రాయుటకు సహాయకుడు, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపు వంటి మార్పులను 2016 చట్టమే పేర్కొన్నది. 2018 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము వెలువరించిన మార్గదర్శకములలో గంటకు 20 నిమిషములకు తగ్గకుండ అదనపు సమయమీయవలెనని యున్నది. హక్కు ఉన్నను, గదిలో పర్యవేక్షించువారికి తెలియనిచో ఏమగునో 2021లో దేశమంతయు చూచినది. వైద్యవిద్యా ప్రవేశ పరీక్ష వ్రాసిన, వ్రాతలోపము గల ఒక విద్యార్థినికి రావలసిన అదనపు గంట ఇవ్వక, అందరితోపాటు ఆమె పత్రమును తీసికొనిరి. ఆమె సుప్రీంకోర్టువరకు పోయెను. ఆమెకు అన్యాయము జరిగినదని ఆ నవంబరులో న్యాయస్థానము స్పష్టముగ తీర్పు చెప్పెను గాని పరీక్ష మరల జరిపింపలేదు. అందుచేత పదవ తరగతి పిల్లల తల్లిదండ్రులు పరీక్ష దినమున వాదించుట కంటె, బడి తెరచిన మొదటి మాసములలోనే ప్రధానోపాధ్యాయుని ద్వారా దరఖాస్తు పంపి, మంజూరు ఉత్తరువు నకలు చేత పట్టుకొనుట మేలు.

ఏ వినతియైనను రెండు ప్రతులు వ్రాయవలెను. ఒకదానిమీద ముట్టినట్లు సంతకమును తేదీయును వేయించుకొని దాచుకొనవలెను. ఇది అనుమానముతో చేయు పని కాదు. ఉపాధ్యాయులు బదిలీ యగుదురు. నోటిమాట వారితోనే పోవును, కాగితము బడిలో నుండును. బడిలో పని జరుగనిచో జిల్లా విద్యాశాఖ కార్యాలయమున ఈ పిల్లల ప్రవేశములను, సదుపాయములను చూచుటకై ఒక నోడల్ అధికారి ఉండవలెనని 2017 నాటి నియమములలో ఉన్నది. ఆపైన దివ్యాంగుల కొరకు రాష్ట్ర కమిషనరు కలరు. ప్రభుత్వ పాఠశాలలలో విద్యాహక్కు చట్టము ప్రకారము ఏర్పడు యాజమాన్య కమిటీలో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే ఉండవలెను. అందు మనవంటివారికిని తగిన పాలు కలదు. ఆ కుర్చీ ఖాళీగా ఉన్న బడులు పెక్కు మేము చూచితిమి.

ఉపాధ్యాయుల పక్షమున కూడ చెప్పవలసినది కలదు. నలువదిమంది పిల్లలను ఒక్కచేత నడుపు ఉపాధ్యాయిని మన బిడ్డ ఒక్కనివైపు ఎంతసేపు చూడగలదు? ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో భవిత కేంద్రములు, అందు ప్రత్యేక శిక్షణ పొందినవారు ఉన్నారు. బడికి వచ్చి చూడుమని వారిని అడుగవచ్చును. ప్రాథమిక తరగతులలో ఇట్టి పిల్లలు పదిమందికి ఒకరు, పై తరగతులలో పదునైదుగురికి ఒకరు చొప్పున ప్రత్యేకోపాధ్యాయులుండవలెనని 2022 సెప్టెంబరులో విద్యాహక్కు చట్టపు షెడ్యూలును సవరించిరి. 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఉద్యోగములను మంజూరు చేసి ప్రకటింపుడని రాష్ట్రములను ఆదేశింపవలసివచ్చెను. వారు వచ్చువరకు మన పని చాలవరకు ఆ ఉపాధ్యాయినితోనే. మావానికి శ్రుతలేఖనములో మొదట పదింట ఏడు వచ్చిన దినమున ఆమె ఆ పుస్తకము తానే పట్టుకొని గేటువరకు వచ్చెను.

వాడిపుడు ఆరవ తరగతికి వచ్చెను. బడి మారినది, గంటకొక ఉపాధ్యాయుడు. ఒకరికి చెప్పినది మరియొకరికి తెలియదు. కాబట్టి జూను మాసములో కాగితము మరల వ్రాయుచున్నాము, ఈసారి ఆరు ప్రతులు. శ్రుతలేఖనపు వాక్యమును వాడు కొట్టివేసెను. ఆ తరగతిలో అది లేదట. దాని బదులు, ఆటస్థలమున ఈల వేసినపుడు చేయి కూడ ఎత్తవలెనని వ్రాయించెను.