మీకు తెలుసా? మైదానం నుంచి ధర్మాసనానికి

అమెరికన్ ఫుట్‌బాల్‌లో డిఫెన్సివ్ లైన్‌లో ఆడుతూనే లా పట్టా అందుకున్న అలన్ పేజ్, తర్వాత 22 ఏళ్లకు పైగా మిన్నెసోటా రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేశారు.

డిఫెన్సివ్ లైన్‌లో ఆడేవాళ్ల పని ఎదుటి జట్టు కట్టిన అడ్డుగోడను చీల్చుకుని వెళ్లి, బంతి విసరబోయే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం. రాయగడ, కోరాపుట్ ఊళ్లలో కబడ్డీ చూసినవారికి రెయిడర్ మీదికి దూకి పట్టేసే ఆటగాడు గుర్తొస్తాడు. కాకపోతే ఇక్కడ దారికి అడ్డంగా నిలిచేది వంద కిలోలు దాటిన మనుషులు! ఆ పనిని పేజ్ 1967 నుంచి 1981 దాకా 15 సీజన్లు చేశారు. 1971లో అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం గెలిచారు. అంతకుముందు ఏ డిఫెన్స్ ఆటగాడికీ అది దక్కలేదు.

లా పట్టా 1978లో వచ్చింది. మరుసటి ఏడాదే పూర్తి మారథాన్ పరుగెత్తారు. ఇంకా ఆడుతున్న ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లలో ఆ పని చేసిన మొదటి వ్యక్తి ఆయనే.

న్యాయమూర్తి పదవికి 1992లో జరిగిన ఎన్నికల్లో గెలిచి మిన్నెసోటా సుప్రీంకోర్టులో అడుగుపెట్టిన తొలి నల్లజాతి న్యాయమూర్తి అయ్యారు. 2015లో 70 ఏళ్ల వయోపరిమితి వల్ల దిగిపోయారు.

అన్నిటికన్నా అబ్బురపరిచేది మరొకటి. ఆయన పుట్టిన ఊరు ఒహాయోలోని కాంటన్. అక్కడ ఆటలోని దిగ్గజాలను గౌరవించే ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ భవనం కడుతున్నప్పుడు కుర్రాడైన పేజ్ కూలిపనికి వెళ్లారు. 1988లో అదే భవనంలో ఆయనకూ చోటు దక్కింది.

ఆ ఏడాదే పేజ్ దంపతులు శ్వేతజాతీయేతర విద్యార్థుల కాలేజీ చదువు కోసం పేజ్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ స్థాపించారు. సాయం అందుకున్న ప్రతి విద్యార్థీ తనకన్నా చిన్న పిల్లలకు చదువులో తోడ్పడాలన్నది దాని షరతు.