సాఫ్ట్‌వేర్ రేడియో: శాంపిళ్లను తగ్గించే ముందు ఫిల్టర్ ఎందుకు?

పాత ట్రాన్సిస్టర్ రేడియోలో స్టేషన్‌ను ఎంచుకొనే పని కాయిళ్లు, కండెన్సర్లు చేసేవి. విద్యార్థి దశలో మేము స్క్రూడ్రైవర్‌తో ఐ.ఎఫ్.టి. కోర్లు తిప్పుతూ గంటలు గడిపేవాళ్లం. సాఫ్ట్‌వేర్ రేడియోలో ఆ పని గుణకారాలు, కూడికలు చేస్తాయి.

ఆర్.టి.ఎల్.2832యు చిప్ గల చిన్న యు.ఎస్.బి. పరికరాన్ని ఉదాహరణగా తీసుకొందాం. దీన్ని తయారుచేసింది డిజిటల్ టి.వి. చూడటానికే. అయితే ఇది ముడి శాంపిళ్లను కూడా కంప్యూటర్‌కు పంపగలదని 2012లో వెలుగులోకి వచ్చింది. ప్రతి శాంపిల్ ఐ, క్యూ అనే రెండు 8 బిట్ల సంఖ్యల జంట. సంకేతాన్ని కొసైన్‌తో గుణిస్తే ఐ, సైన్‌తో గుణిస్తే క్యూ వస్తాయి. ఈ జంట ఉన్నందువల్లనే మధ్య పౌనఃపున్యానికి పైనున్న స్టేషన్‌ను, కిందనున్న స్టేషన్‌ను వేరుగా గుర్తించగలం. సెకనుకు 24 లక్షల శాంపిళ్లు తీసుకొంటే సెకనుకు 48 లక్షల బైట్లు వస్తాయి.

ఒక ఎఫ్.ఎం. స్టేషన్‌కు కావలసింది సుమారు 200 కిలోహెర్ట్జ్‌లే. కాబట్టి పదింటిలో ఒక శాంపిల్ ఉంచితే సరిపోతుంది. రేటు 240 కిలోహెర్ట్జ్‌లకు దిగుతుంది. జవాబు పత్రాల్లో నాకు తరచు కనిపించిన తప్పు ఇక్కడే ఉంది: "తొమ్మిది శాంపిళ్లను వదిలేయాలి" అని రాసి ఊరుకొంటారు. అలా చేస్తే ఏమవుతుందో చూడండి. హైదరాబాద్‌లో 101.9 మెగాహెర్ట్జ్‌ల రెయిన్‌బోను వింటున్నారనుకోండి. 102.8 వద్ద ఉన్న వివిధభారతి దానికి 900 కిలోహెర్ట్జ్‌ల ఎగువన ఉంది. కొత్త రేటు గుణిజం 960. 900 నుంచి 960 తీసివేస్తే −60. అంటే వివిధభారతి వచ్చి రెయిన్‌బో మీదనే కూర్చొంటుంది! ఒకసారి కలిసిన తరువాత ఏ ఫిల్టరూ వాటిని విడదీయలేదు. అందుకే ముందు లోపాస్ ఫిల్టర్, ఆ తరువాతే తగ్గింపు.

ఇక డీమాడ్యులేషన్ సులభం. వరుసగా వచ్చే రెండు శాంపిళ్ల మధ్య దశాకోణం ఎంత మారిందో లెక్కిస్తే చాలు, అదే ధ్వని. గరిష్ఠ విచలనం 75 కిలోహెర్ట్జ్‌లు కనుక కోణం 360 × 75/240, అంటే 112.5 డిగ్రీలు దాటదు. 180 డిగ్రీలు దాటితే దిశ తారుమారయ్యేది. తరువాత 15 కిలోహెర్ట్జ్‌ల ఫిల్టర్ వేసి, ఐదింటిలో ఒకటి ఉంచి, 48 కిలోహెర్ట్జ్‌ల రేటుతో సౌండ్‌కార్డుకు పంపుతాం.

అభ్యాసం: ఫిల్టర్ లేకుండా, పదింటిలో కాక ఎనిమిదింటిలో ఒక శాంపిల్ ఉంచితే వివిధభారతి ఎక్కడ పడుతుందో లెక్కించండి.